మోరీ నీళ్లు వాకిట్లోకి వస్తున్నాయి, పక్కింటివాళ్లతో మాటలు లేవు: కంప్లైంట్ ఇవ్వాలా, ఊరుకోవాలా?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనంత వరకు సంగతి ఇది. హన్మకొండలో హంటర్ రోడ్డు వైపు ఒక కాలనీలో రెండేళ్ల కింద ఇల్లు కొనుక్కున్నారు. పక్కింటాయన కారు ఎక్కించడానికి ర్యాంపు ఎత్తుగా పోసుకుని, మోరీ మీద బండలు పరిచి సిమెంటు వేశారు. అప్పటి నుంచి గట్టి వాన పడితే నీళ్లు మీ గేటు దాటి వాకిట్లోకి వస్తున్నాయి. మీరు కాలనీ వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టి అడిగారు. ఆయనకు కోపం వచ్చింది, మాటా మాటా పెరిగింది, ఇప్పుడు గల్లీలో సగం మంది మీతో సరిగ్గా మాట్లాడటం లేదు. బతుకమ్మకు కూడా ఎవరూ పిలవలేదని రాశారు. కార్పొరేషన్‌లో కంప్లైంట్ ఇవ్వాలా, ఊరుకోవాలా అని అడిగారు. చివర్లో కుక్కల గురించి, రాత్రి డీజేల గురించి కూడా ఒక మాట అడిగారు.

నేను మున్సిపల్ ఇంజనీరింగ్ పనుల్లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాను. మా కాలనీ కమిటీకి తొమ్మిదేళ్లు కార్యదర్శిగా ఉన్నాను. ఇలాంటి మోరీ పంచాయితీలు చాలా చూశాను, ఒకటి మా ఇంటి ముందే జరిగింది. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

కంప్లైంట్ ఇవ్వాలా వద్దా అన్నది తర్వాత చూద్దాం. నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో, ఎక్కడ ఆగుతున్నాయో మీరు కొలిచి చూశారా? చూసి ఉండరు. ఎవరూ చూడరు. ర్యాంపు కళ్లకు కనిపిస్తుంది కాబట్టి తప్పంతా ర్యాంపుదే అనుకుంటాం. మోరీ లోపల ఏముందో, రోడ్డు ఎటు వాలిందో కంటికి కనబడదు.

ముందు నీళ్ల లెక్క చెబుతాను. 150 గజాల డాబా మీద 10 సెంటీమీటర్ల వాన పడితే సుమారు 12,500 లీటర్ల నీళ్లు. ఒక గల్లీలో అలాంటి ఇళ్లు ఇరవై ఉంటే రెండున్నర లక్షల లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు యాభై. ఇది డాబాల మీద పడిన నీళ్లే, రోడ్డు మీద పడింది కలపలేదు. ఇదంతా అడుగు వెడల్పు మోరీలోంచి పోవాలి. ఒక్క ర్యాంపు తీసేసినంత మాత్రాన ఇన్ని నీళ్లకు దారి దొరకదు, ఒక్క ర్యాంపు వల్లనే ఇన్ని నీళ్లు ఆగవు కూడా.

మన ఊరి సంగతి మీకు తెలియనిది కాదు. కాకతీయులు ఈ ప్రాంతంలో చెరువులను గొలుసుకట్టుగా కట్టించారు. పైచెరువు మత్తడి దూకితే ఆ నీళ్లు కిందిచెరువుకు చేరేవి. ఇప్పుడు ఆ దారుల్లో ఇళ్లు వచ్చాయి, నాలాలు సన్నబడ్డాయి. 2020 ఆగస్టులో నయీంనగర్ నాలా పొంగినప్పుడు, 2023 జులై చివర్లో హంటర్ రోడ్డు వైపు ఎన్టీఆర్ నగర్ లాంటి కాలనీలు మునిగి, పోతననగర్ వైపు భద్రకాళి చెరువు కట్టకు గండి పడినప్పుడు అందరం చూశాం. అంత పెద్ద నీళ్లు వస్తే గల్లీ మోరీ ఏమీ చేయలేదు. కానీ మామూలు వానకే వాకిలి మునుగుతుందంటే లోపం మీ గల్లీలోనే ఎక్కడో ఉంది. దాన్ని పట్టుకోవచ్చు.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెబుతాను. 2020 వానలకు మా వాకిట్లో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. మా పక్కింట్లో ఒక రిటైర్డ్ లెక్కల సారు ఉంటారు. ఆయన అంతకు ముందు ఏడే ర్యాంపు పోయించుకున్నారు. నాకు ఈ పని తెలుసు కదా అన్న ధైర్యంతో నలుగురి ముందు "సార్, మీ ర్యాంపే మమ్మల్ని ముంచింది" అనేశాను. ఆయన మాట తిరిగి అనలేదు, మా గడప తొక్కడం మానేశారు. వాళ్ల మేడం మా ఆవిడతో మాట్లాడటం మానేసింది. అలా ఎనిమిది నెలలు గడిచాయి.

ఎండాకాలం వచ్చాక ప్రహరీ గోడ పని పెట్టుకున్నాను. మేస్త్రి లెవల్ పైపు తీసి, "సార్, ఆ చివర ఎవరైనా పట్టుకోండి" అన్నాడు. కూలీ ఇసుక కోసం పోయాడు, మా అబ్బాయి ఇంట్లో లేడు. లెక్కల సారు వాళ్ల గేటు దగ్గర నిలబడి చూస్తున్నారు. ఒక్క నిమిషం ఆగి, ఏమీ మాట్లాడకుండా వచ్చి పైపు చివర పట్టుకున్నారు. గోడ కొలత అయిపోయింది. ఆయన పైపు వదల్లేదు. "ఎలాగూ పైపులో నీళ్లున్నాయి, రోడ్డు కూడా చూద్దాం" అన్నారు. ఇద్దరం గల్లీ చివరి దాకా కొలుచుకుంటూ పోయాం. ఆయన ఒక నోటుబుక్కులో అంకెలు రాశారు. ఆ బుక్కు ఇప్పటికీ నా దగ్గర ఉంది.

తేలింది ఏమిటంటే, మా ఇళ్లకు కింద నలభై అడుగుల దూరంలో గల్లీ మలుపు దగ్గర పాత సీసీ రోడ్డును తవ్వకుండా దాని మీదే కొత్త రోడ్డు పోశారు. అక్కడ రోడ్డు మా ఇళ్ల ముందు కంటే 5 అంగుళాలు ఎత్తు ఉంది. నీళ్లు కిందికి పోవాల్సిన చోట ఎత్తు తగిలి వెనక్కి మళ్లుతున్నాయి. ఆ మలుపు పక్కింటి బండల కింద గడ్డపారతో ఒక సందు చేసి చూస్తే, మోరీలో పూడిక బండకు రెండు వేళ్ల కింద దాకా ఉంది. సారు ర్యాంపు వల్ల కూడా కొంత ఇబ్బంది ఉంది, లేకపోలేదు. కానీ అది పదోవంతు. మిగతా తొమ్మిది వంతులకూ ఆయనకూ సంబంధం లేదు. ఆ సాయంత్రం నేనూ మా ఆవిడా వాళ్లింటికి వెళ్లి, "సార్, నలుగురి ముందు మిమ్మల్ని అన్నాను, కొలవకుండా అన్నాను, తప్పు నాది" అని చెప్పి వచ్చాను.

అందుకే మిమ్మల్ని ముందు లెవల్ పైపు తెచ్చుకోమంటున్నాను. హార్డ్‌వేర్ షాపులో మేస్త్రీలు వాడే పారదర్శకంగా ఉండే సన్నటి పైపు అడిగితే ఇస్తారు, యాభై అడుగులది తీసుకోండి. బకెట్‌లోంచి నీళ్లు నింపండి. లోపల గాలి బుడగ ఒక్కటి కూడా ఉండకూడదు, ఉంటే కొలత తప్పుతుంది. నీళ్లలో చిటికెడు పసుపు కలిపితే గీత బాగా కనిపిస్తుంది. నడిచేటప్పుడు రెండు చివరలూ బొటనవేలితో మూసి పట్టుకోవాలి, నిలబడ్డాక వేలు తీయాలి. నీళ్లు కుదురుకున్నాక రెండు చివరల్లోనూ ఒకే మట్టంలో ఉంటాయి. ఆ మట్టం నుంచి కిందికి రోడ్డు దాకా టేపుతో కొలిచి రాసుకోండి. ఎక్కడ అంకె ఎక్కువ వస్తే అక్కడ రోడ్డు పల్లం, ఎక్కడ తక్కువ వస్తే అక్కడ మెరక. మీ గేటు ముందు, ఆయన ర్యాంపు దగ్గర, గల్లీ మొదట్లో, మలుపులో, మోరీ పెద్ద నాలాలో కలిసే చోట కొలవండి. కుదిరితే మోరీ అడుగు మట్టం కూడా తీయండి. మేము పనిలో చూసుకునే లెక్క, 100 అడుగుల పొడవుకు 6 అంగుళాల వాలు ఉండాలని. అంత ఉంటే నీళ్లు మట్టిని తమతో లాక్కుపోతాయి. అంతకంటే బాగా తగ్గితే ఎన్నిసార్లు పూడిక తీసినా మళ్లీ నిండుతుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. ఈ పైపును ఒక్కరు పట్టుకుని కొలవలేరు, రెండో చివర ఇంకొకరు ఉండాలి. ఆ రెండో చివర మీ పక్కింటాయన చేతిలో ఉండాలని నా కోరిక.

ఆయన్ని ఎలా రప్పించాలంటారా? ముందు ఆ వాట్సాప్ గ్రూపును పక్కన పెట్టండి. గ్రూపులో ఫొటో పడితే ఆ మనిషి నలభై ఇళ్ల ముందు నిలబడినట్టే. అక్కడ తప్పు ఒప్పుకోవడం ఎవరికీ చేతకాదు. ఇంటికి వెళ్లండి. ఒక్కరే వద్దు, మీ ఆయనా మీరూ ఇద్దరే కూడా వద్దు. గల్లీలో ఇద్దరికీ కావలసిన పెద్దావిడ ఎవరో ఒకరు తప్పకుండా ఉంటారు. అందరి ఇళ్లలో పురుళ్లకూ పెళ్లిళ్లకూ ముందుండే మనిషి. ఆమెను వెంటబెట్టుకుని ఆదివారం పొద్దున టీ తాగే వేళకు వెళ్లండి. ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చిన సాయంత్రం వద్దు, వాన పడుతున్నప్పుడైతే అసలే వద్దు.

మాట కూడా తేలిగ్గానే అనండి: "అన్నా, ఫొటో గ్రూపులో పెట్టడం నాది తప్పే, ముందు మీ ఇంటికి వచ్చి చెప్పాల్సింది. నీళ్ల సంగతి మాత్రం ఇద్దరం కలిసి చూద్దాం. ఒక పైపు తెచ్చాం, ఆ చివర మీరు పట్టుకోండి." ర్యాంపు అన్న మాట మీ నోట రానివ్వకండి. కొలత తీస్తున్నప్పుడు ర్యాంపు దగ్గరికి వచ్చేసరికి ఆయనే చూస్తారు. నీళ్లు మీ వాకిట్లోకి వస్తున్నాయన్న మాటలో మాత్రం వెనక్కి తగ్గకండి. మర్యాద కోసం ఇబ్బందిని దాచుకోవాల్సిన పని లేదు.

ఆయన రానంటే? అప్పుడు కూడా కొలవండి, ఇంకొకరి సాయంతో. కొలత ఉంటే మీ మాటకు ఒక ఆధారం ఉంటుంది.

ఇక మోరీ మీద బండల సంగతి. గల్లీ మోరీ ఎవరి సొంతమూ కాదు, దాని మీద పక్కాగా సిమెంటు వేసి మూసేసే హక్కు ఎవరికీ లేదు. అయినా మన దగ్గర ఇంటింటా వేస్తారు, వాసన వస్తుందని, దోమలని, పిల్లలు పడతారని. ఆ కారణాలు నిజమైనవే, కాబట్టి బండలు తీసేయండి అంటే ఎవరూ వినరు. మేము చేసింది ఇది: బండలను రెండేసి అడుగుల ముక్కలుగా పోయించి, ఒక్కో ముక్కకు రెండు ఇనుప కొక్కేలు పెట్టించాం. ఇద్దరు మనుషులు కడ్డీ దూర్చి లేపితే వస్తుంది, పని అయ్యాక మళ్లీ దించవచ్చు. మధ్యలో సిమెంటు వేయకూడదు. ర్యాంపు ఉన్న చోట మోరీ మీద గట్టి ఇనుప జాలీ వేస్తే కారు పోతుంది, నీళ్లూ దిగుతాయి. చాలామంది ర్యాంపు కింద ఆరంగుళాల పైపు వేసి పైన పూడ్చేస్తారు. అది వద్దు. ఒక్క ప్లాస్టిక్ కవర్, ఒక్క కొబ్బరి చిప్ప చాలు అది మూసుకుపోవడానికి. ర్యాంపు వాలు భాగం కూడా వీలైనంత వరకు గేటు లోపలే ఉండాలి, రోడ్డు మీదికి రాకూడదు.

ఇంకుడు గుంత తీయిస్తే సరిపోతుందని కొందరు చెబుతారు. మంచిదే, డాబా నీళ్లు కొంతైనా మోరీలో పడకుండా ఆగుతాయి. కానీ మనది ఓరుగల్లు, పేరులోనే రాయి ఉంది. నాలుగు అడుగులు తవ్వితే బండ తగిలే చోట ఇంకుడు గుంత ఇంకదు, నిండి కూర్చుంటుంది. మీ ఇల్లు కట్టినప్పుడు పునాది తవ్విన మేస్త్రిని అడగండి, ఎంత లోతులో రాయి తగిలిందో చెబుతాడు. మట్టి బాగా ఉంటేనే ఖర్చు పెట్టండి.

ఇప్పుడు కార్పొరేషన్ సంగతి. వెళ్లాలి, తప్పకుండా వెళ్లాలి, కానీ పక్కింటాయన మీద కంప్లైంట్‌గా కాదు, గల్లీ పనిగా వెళ్లాలి. నా సర్వీసులో చూసిన ఒక సంగతి చెబుతాను. ఒక్కరి పేరుతో పక్కింటివాళ్ల మీద వచ్చిన దరఖాస్తును "ఇద్దరి గొడవ" అని పక్కన పెడతారు. పన్నెండు ఇళ్ల సంతకాలతో, కొలతలతో, ఫొటోలతో వచ్చిన కాగితాన్ని అలా పక్కన పెట్టడం కష్టం. మొదటి సంతకం మీ పక్కింటాయనది అయితే ఇంకా మంచిది.

ఇంకో ముఖ్యమైన విషయం, పని ఎవరిదో తెలుసుకుని రాయాలి. పూడిక తీయడం శానిటేషన్ వాళ్ల పని. దానికి మీ గల్లీకి వచ్చే శానిటేషన్ జవాన్, ఆ పైన శానిటరీ ఇన్‌స్పెక్టర్. మోరీ వాలు సరిచేయడం, కొత్తగా కట్టడం, రోడ్డు మెరక తీయడం ఇంజనీరింగ్ వాళ్లది, మీ డివిజన్ ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీర్, చూస్తారు. రెండూ కలిపి ఒకే కాగితంలో రాస్తే వాళ్లు వీళ్లది అంటారు, వీళ్లు వాళ్లది అంటారు. రెండు కాగితాలు రాయండి. ఎక్కువ మాటలు వద్దు. ఏ గల్లీ, ఏ ఇంటి నంబరు నుంచి ఏ ఇంటి నంబరు దాకా, ఎన్ని అడుగులు, ఎక్కడ ఎంత మెరక, ఏ తేదీ వానకు ఎంత ఎత్తు నీళ్లు నిలిచాయి, అంతే. ఫొటో తీసేటప్పుడు నీళ్లలో ఒక ఇటుకో స్కేలో నిలబెట్టి తీయండి, ఎత్తు తెలుస్తుంది. సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి. ఆ నంబరు లేకుండా ఇంటికి రాకండి. నెల దాటినా కదలిక లేకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో "మా గల్లీ మోరీ పనికి తయారు చేసిన ఎస్టిమేట్ కాపీ ఇవ్వండి" అని అడగవచ్చు, 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. కాపీ అడిగితే చాలు, తిట్లు రాయకండి.

పూడిక తీసే రోజు మీరో, పక్కింటాయనో ఎవరో ఒకరు దగ్గర ఉండండి. వాళ్లకు మంచినీళ్లు, టీ ఇవ్వండి, చేతి తొడుగులు లేకపోతే తెప్పించండి. ఆ మురికిలో చేతులు పెట్టేది మన ఇళ్ల కోసమే. తీసిన పూడికను గట్టు మీద పోస్తారు, నీళ్లు కారిపోయాక మరునాడు బండి వచ్చి ఎత్తాలి. ఆ బండి రాకపోతే మొదటి వానకే అదంతా తిరిగి మోరీలో పడుతుంది. నా అనుభవంలో ఎక్కువ పనులు చెడిపోయేది ఇక్కడే. బండి ఎప్పుడొస్తుందో జవాన్‌ను అడిగి, వచ్చేదాకా ఫోన్ చేస్తూ ఉండండి. ఇదంతా మృగశిర కార్తె లోపల, అంటే జూన్ మొదటి వారానికి ముందే అయిపోవాలి. కట్టే పనులకైతే సంక్రాంతి దాటగానే కాగితం పెట్టాలి.

మాటలతో ఏమీ తేలకపోతే, ఇద్దరి మధ్యా గొడవ ముదిరిపోతే, కోర్టు కంటే ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. రాజీకి పిలిపిస్తారు, కోర్టు ఫీజు ఉండదు. 15100 నంబరుకు ఫోన్ చేస్తే దారి చెబుతారు. మీకు ఆ అవసరం రాదని నా నమ్మకం.

కమిటీని రిజిస్టర్ చేయించాలా అని ఒక ముక్క అడిగారు. 2001 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురు ఉంటే చేయించవచ్చు. నెలనెలా డబ్బు వసూలు చేసేటట్లయితే, బ్యాంకు ఖాతా కావాలంటే చేయించండి. ఒక గల్లీ మోరీ కోసమైతే అక్కర్లేదు, ఒక నోటుబుక్కు చాలు. కానీ ఒక్క రూపాయి వసూలు చేసినా లెక్క గోడ మీద అతికించండి. మా కాలనీలో అంతకు ముందున్న కమిటీ వినాయక చవితి డబ్బుల్లో 3,400 రూపాయల లెక్క చెప్పలేక చెదిరిపోయింది. ఎవరూ తిని ఉండరని నేను ఇప్పటికీ నమ్ముతాను, బిల్లులు దాచుకోలేదు, అంతే. దాని వల్ల రెండేళ్లు కాలనీలో ఒక్క పనీ కలిసి చేయలేకపోయాం.

కుక్కల గురించి. 2023 మే నెలలో కాజీపేటలో వీధికుక్కల దాడిలో ఒక చిన్న పిల్లవాడు ప్రాణం పోగొట్టుకున్నాడు, మీ భయం నాకు అర్థమవుతుంది. కానీ "కుక్కలను తీసుకుపోయి ఎక్కడైనా వదిలేయండి" అని అడిగితే జరగదు. 2023 నిబంధనల ప్రకారం ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. రేబిస్ ఉన్నవాటినీ, మనుషుల మీద పడేవాటినీ తిరిగి వదలకూడదని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి అడగాల్సింది ఆపరేషన్ కాని కుక్కలను పట్టమని. ఆపరేషన్ అయినదానికి చెవి అంచున చిన్న కత్తిరింపు ఉంటుంది, మీ గల్లీలో అది లేనివి ఎన్నో లెక్కపెట్టి రాయండి. అన్నం పెట్టేవాళ్లతో తగువు పడకండి, పిల్లలు ఆడుకునే చోటికి, గేట్లకు దూరంగా ఒకే చోట పెట్టమనండి. ఎవరికైనా కరిస్తే మాత్రం పసుపూ కారమూ సున్నమూ ఏదీ రాయకండి. పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఎంజీఎంకో దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికో వెళ్లి టీకా వేయించుకోవాలి. మొదటి సూది ఒక్కటి వేయించుకుని మానేయకూడదు, చెప్పిన రోజులకు అన్నీ వేయించుకోవాలి.

డీజేల మాట. రాత్రి 10 నుంచి పొద్దున 6 వరకు లౌడ్‌స్పీకర్ పెట్టకూడదని నిబంధన ఉంది, 100కు ఫోన్ చేయవచ్చు. కానీ పదకొండు గంటలకు పోలీసును పంపితే ఆ పెళ్లింటివాళ్లు జీవితాంతం గుర్తు పెట్టుకుంటారు. టెంటు వేస్తున్న రోజే వెళ్లి, "పరీక్షల పిల్లలున్నారు, పదింటికి ఆపేయండి" అని చెప్పండి. ముందే చెబితే చాలామంది వింటారు.

ఇక బతుకమ్మ. మీరు అన్నిటికంటే ఎక్కువ బాధపడింది దీని గురించేనని నాకనిపించింది. బిడ్డా, మీరు ఏ ఊరి నుంచి వచ్చారో రాయలేదు. మన దగ్గర బతుకమ్మకు పిలుపులు ఉండవు. పెళ్లికి పిలుస్తారు, పేరంటానికి పిలుస్తారు, బతుకమ్మకు ఎవరి బతుకమ్మ వాళ్లు పేర్చుకుని వచ్చి నడుమ పెడతారు. మొదటి రోజు ఎంగిలిపూల నాడు వేయి స్తంభాల గుడి దగ్గరికి వేల మంది ఆడవాళ్లు వస్తారు, ఎవరు ఎవరిని పిలిచారు? వచ్చే ఏడు తంగేడు, గునుగు తెప్పించుకుని చిన్నదే అయినా ఒకటి పేర్చి, గల్లీ నడుమ పెట్టండి. మీ బతుకమ్మ చుట్టూ తిరగనని ఏ ఆడబిడ్డా అనదు. చివరి రోజు సద్దుల నాడు మీరు చేసిన నువ్వుల సద్ది ముందు పక్కింటివాళ్ల చేతిలో పెట్టండి.

అంతకంటే ముందు సంక్రాంతి వస్తే ఇంకా మేలు. మా ఇంట్లో జరిగిందే చెబుతాను. లెక్కల సారు వాళ్లింటికి వెళ్లి నేను తప్పు ఒప్పుకున్నాక కూడా ఆడవాళ్లిద్దరి మధ్య మాటలు కుదురుకోలేదు. నమస్కారం, నమస్కారం, అంతే. సంక్రాంతికి మా ఆవిడ సకినాల పిండి కలిపింది. మూడు శేర్ల బియ్యం నానబెట్టి పట్టించిన తడిపిండి, నువ్వులు, వాము, ఉప్పు. పిండి కలిపాక ఎక్కువసేపు ఉంచలేరు, నలుగురి చేతులు కావాలి. ఆ మేడంది సకినాలు చుట్టడంలో మంచి చేయి, ఆ సంగతి గల్లీ అంతటికీ తెలుసు. మా ఆవిడ పిండి చేతులతోనే గేటు దాకా పోయి, "వదినా, పిండి ఆరిపోతుంది, జర రా" అంది. ఆమె కొంగు దోపుకుని వచ్చింది. తెల్లపంచె పరిచి, పిండితో గౌరమ్మను చేసి పెట్టి, ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఆమె బొటనవేలు, చూపుడువేలు నడుమ పిండి మెలికపడుతూ జారి, పంచె మీద మూడు చుట్లు తిరిగి, నాలుగో చుట్టుకు మొదటిదాన్ని అంటకుండా ఆగేది. మా ఆవిడవి విరుగుతుంటే, "నీళ్లెక్కువైనయి వదినా, పొడిపిండి కొంచెం వెయ్యి" అంది. ఏడాదికి పైగా గడిచాక ఆమె మా ఇంట్లో అన్న మొదటి పెద్దమాట అదే. మధ్యాహ్నానికి పంచె నిండింది. గిన్నెడు సకినాలు వాళ్లింటికి పోయాయి, సాయంత్రం ఆ గిన్నెలో వాళ్ల అరిసెలు వచ్చాయి.

ఆ తర్వాత మేడారం జాతరకు మేము పోతే ఇంటి తాళం వాళ్ల దగ్గరే ఉంది. తెచ్చిన బంగారం, అంటే అమ్మవార్ల ప్రసాదం బెల్లం, మొదటి ముద్ద వాళ్లకే ఇచ్చాం.

ఒక్క పని మాత్రం ఈ వారమే చేయండి. ఈసారి గట్టి వాన పడగానే మీ గేటు గోడ మీద నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో చాక్‌పీస్‌తో గీత గీసి, తేదీ వేసి, వాన వెలిశాక ఎన్ని గంటలకు నీళ్లు దిగాయో రాసి పెట్టుకోండి. గంటలో దిగిపోతే వాలు బాగానే ఉంది, పూడిక చూసుకోవాలి. మరునాటి దాకా నిలిచి ఉంటే కింద ఎక్కడో మెరక ఉంది. లెవల్ పైపు కొలతలు తీశాక ఆ ఐదు అంకెలూ ఇక్కడ రాయండి, ఏఈకి ఇవ్వాల్సిన కాగితం ఎలా ఉండాలో వాటిని చూసి చెబుతాను.